సంచిలో సూది, ఫైల్లో సర్టిఫికెట్లు: టైప్ వన్ డయాబెటిస్ (షుగర్) ఉన్నవాళ్లు మొదటి ఉద్యోగం వెతుక్కునేదెట్లా

రెజ్యూమె రాసే ముందు ఇంట్లో ఫ్రిజ్ తెరవండి. తలుపు అరలో ఇన్సులిన్ పెన్నులో వేసే కాట్రిడ్జిలు ఎన్ని ఉన్నాయి, షుగర్ చూసుకునే స్ట్రిప్స్ డబ్బాలో ఎన్ని మిగిలాయి, పెన్ నీడిల్స్ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఉద్యోగం మూడు నెలల్లో దొరకొచ్చు, పది నెలలు పట్టొచ్చు. అన్నాళ్లూ బస్సు చార్జీలకన్నా, హాస్టల్ అద్దెకన్నా ముందు తీసి పక్కన పెట్టాల్సిన డబ్బు ఈ కాగితం మీదిదే.

లెక్క సులువు. 3 ఎం.ఎల్. కాట్రిడ్జిలో 300 యూనిట్లు ఉంటాయి. రోజుకు అన్ని పూటలూ కలిపి 40 యూనిట్లు పడితే, సూది మార్చినప్పుడల్లా గాలి తీయడానికి వదిలే రెండేసి యూనిట్లు కూడా కలుపుకొని, ఒక కాట్రిడ్జి వారం కూడా రాదు. స్ట్రిప్ ఒక్కోటి ఇరవై రూపాయలకు అటూ ఇటూ. రోజుకు నాలుగు సార్లు చూసుకుంటే నెలకు ఎంతో మీరే గుణించుకోండి. ఆ మొత్తాన్ని ఇంట్లో అమ్మానాన్నల ముందు పెట్టి, "ఉద్యోగం వచ్చేదాక ఇది మాత్రం మీరే చూసుకోవాలె" అని మొహమాటం లేకుండా చెప్పండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే నేను చెప్పలేదు. 2019లో బీటెక్ అయిపోయి హైదరాబాద్ ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉన్నప్పుడు, నాన్నను ఇంకా డబ్బులడగడం సిగ్గనిపించి, కాట్రిడ్జి ఇంకో నాలుగు రోజులు రావాలని పూటకు రెండు మూడు యూనిట్లు తగ్గించుకుంటూ పోయాను. అయిదో రోజుకు వాంతులు, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు). మూడు రోజులు ఆస్పత్రి బెడ్డు మీద ఉంటే, ఆ బిల్లు కట్టడానికి నాన్న వరంగల్ నుంచి రావాల్సి వచ్చింది. ఆ బిల్లుతో ఎన్ని నెలల ఇన్సులిన్ వచ్చేదో ఇప్పుడు తలుచుకున్నా కడుపు మండుతుంది.

చేతిలో డబ్బు బొత్తిగా ఆడకపోతే సూది ఎగ్గొట్టడం దారి కాదు, రకం మార్చడం దారి. పెన్నులో వాడే ఇన్సులిన్ కన్నా సీసాలో వచ్చే రెగ్యులర్, ఎన్‌పీహెచ్ రకాలు చాలా చవక. వరంగల్ ఎంజీఎం లాంటి సర్కారు దవాఖానలో డాక్టరును కలిసి, "ఉద్యోగం వచ్చేదాక దీని మీద ఉంటాను, డోసు ఎంత, టైమింగ్ ఎట్లా" అని అడిగి మారండి. సొంతంగా మాత్రం మారొద్దు. రెగ్యులర్ రకాన్ని తిండికి అరగంట ముందు వేసుకోవాలి, రాత్రి పూట అది చేసే పని తీరు కూడా వేరు.

ఇక్కడే ఒక గుంత ఉంది. మన దగ్గర సీసాలు ఎక్కువగా ఎం.ఎల్.కు 40 యూనిట్లవి, పెన్ కాట్రిడ్జిలు 100వి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. ప్రయాణంలో పెన్ పాడైందని కాట్రిడ్జిలో ఎర్ర మూత సిరంజి గుచ్చి పది గీత దాకా లాగితే, ఒంట్లోకి పోయేది పది కాదు, ఇరవై అయిదు యూనిట్లు. హాస్టల్లో అర్ధరాత్రి ఈ పొరపాటు జరిగితే తెల్లారి లేపేవాళ్లు ఉండరు. సంచిలో అదనంగా ఒక నారింజ మూత సిరంజి పడేసుకోండి.

ఏ ఉద్యోగం వైపు చూడాలి

ముందు మూసి ఉన్న తలుపులేవో తెలుసుకుంటే కాలం మిగులుతుంది. ఆర్మీకి మెడికల్‌లో డయాబెటిస్ ఉంటే తీసుకోరు. రైల్వేలో లోకో పైలట్ పోస్టుకు అన్నిటికన్నా కఠినమైన ఏ-1 మెడికల్ కేటగిరీ కావాలి, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు అది దక్కదు. పోలీసు యూనిఫారం పోస్టులకు కూడా మెడికల్ ఉంటుంది. నోటిఫికేషన్‌లో జీతం పేరా చదివే ముందు మెడికల్ స్టాండర్డ్స్ పేరా చదవండి. నా జూనియర్ ఒకతను సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రెండేండ్లు పరుగెత్తాడు, ఎస్సై అవుదామని. ఆ పేరా మాత్రం చదవలేదు. వాళ్ల ఇంట్లో వాళ్లు "అప్పటిదాక తగ్గుతది లే" అన్నారట. టైప్ వన్ తగ్గేది కాదని పన్నెండేళ్ల నుంచి సూది వేస్తున్న ఇంట్లోనే ఆ మాట.

రిజర్వేషన్ సంగతి కూడా ఇప్పుడే తేల్చేసుకుందాం. ఊళ్లో ఎవరో ఒకరు "సదరం క్యాంపుకు పో, సర్టిఫికెట్ ఇస్తరు" అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి. టైప్ వన్ డయాబెటిస్ లేదు. కంటి చూపు దెబ్బతినడం లాంటిది వేరేగా ఉంటే తప్ప, ఒక్క షుగర్ పేరుతో ఆ లైన్లో నిలబడటం ఎండకు ఎండటమే.

మిగతావన్నీ తెరిచి ఉన్న తలుపులే. సాఫ్ట్‌వేర్, అకౌంట్స్, టీచింగ్, ల్యాబు, డిజైన్, ఫ్యాక్టరీలో క్వాలిటీ పని, ఏదైనా చేయొచ్చు. అయితే మొదటి ఉద్యోగం దగ్గర ఒక ప్రశ్న వేసుకోండి: హైదరాబాదా, ఇక్కడేనా? వరంగల్ దగ్గర మడికొండ ఐటీ పార్కులో పెద్ద కంపెనీల క్యాంపస్‌లు 2020 నుంచి ఉన్నాయి. గీసుకొండ, సంగెం వైపు మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో ఐటీ టవర్లు వచ్చాయి. ఇక్కడ జీతం తక్కువే, ఒప్పుకుంటాను. కానీ హైదరాబాద్‌లో వచ్చే పాతిక వేలలోంచి హాస్టల్‌కు ఏడెనిమిది వేలు పోతుంది. పొద్దున వాళ్లు పెట్టే ఉప్మా, రాత్రి తొమ్మిదిన్నరకు పెట్టే చల్లారిన అన్నం మీద మీ డోసులు ఆధారపడతాయి. ఇంటి దగ్గర పద్దెనిమిది వేలైనా ఫ్రిజ్ మనది, వంట మనది, రాత్రి షుగర్ పడిపోతే పక్క గదిలో మనిషి ఉంటుంది. పని నేర్చుకునే అవకాశం హైదరాబాద్‌లోనే ఎక్కువుంటే నిస్సంకోచంగా పొండి. "అందరూ పోతున్నరు" అనే ఒక్క కారణం మీద మాత్రం పోవొద్దు.

వెతికే చోట్లు అందరికీ తెలిసినవే: కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్, సర్కారు నైపుణ్య సంస్థ టాస్క్ వాళ్ల శిక్షణలు, ప్రభుత్వ డీట్ యాప్, నౌకరీ, లింక్డిన్. డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో ఇప్పిస్తామనే వాళ్ల ఫోన్ ఎత్తకండి. వాళ్లకిచ్చే లక్షన్నర మనకు కొన్నేళ్ల ఇన్సులిన్.

ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

అందరూ అడిగేది ఇదే. ఇంట్లో అమ్మ ఒక మాట అంటుంది: "ఎవ్వలకు చెప్పకు బిడ్డా, రేపు సంబంధాలు చూడాలె." స్నేహితులు ఇంకో మాట అంటారు: "ముందే చెప్పెయ్, నిజాయితీగా ఉండు." ఇద్దరి మాటా సగం సగమే. అమ్మ భయం పెండ్లి గురించి, స్నేహితుల సలహా మంచితనం గురించి. ఉద్యోగానికి కావాల్సిన సమాధానం ఈ రెంటిలోనూ లేదు.

రెజ్యూమెలో రాయొద్దు. అది మీకు వచ్చిన పని గురించి రాసే కాగితం, రక్తంలో ఏముందో రాసేది కాదు. ఇంటర్వ్యూలో అడగకపోతే చెప్పొద్దు. "చదువులో ఒక ఏడాది గ్యాప్ ఎందుకొచ్చింది" అని అడిగితే, ఆ ఏడాదే మీకు షుగర్ బయటపడి ఉంటే, "ఆరోగ్య సమస్య వచ్చింది, ఇప్పుడు అదుపులో ఉంది, ఆ తర్వాత ఒక్క సెమిస్టర్ కూడా తప్పలేదు" అని చెప్పి ఆపండి. మీరు ఎంత తక్కువ మాట్లాడితే వాళ్లూ అంత తొందరగా తర్వాతి ప్రశ్నకు పోతారు.

ఆఫర్ లెటర్ వచ్చాక లెక్క మారుతుంది. మెడికల్ ఫారంలో "దీర్ఘకాలిక వ్యాధి ఏదైనా ఉందా, రోజూ వాడే మందులేమిటి" అని గడి ఉంటే నిజం రాయండి. అక్కడ "లేదు" అని సంతకం పెడితే, ఎప్పుడో ఒకరోజు ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయినప్పుడు అబద్ధం కూడా మీతోపాటు పడుతుంది. షుగర్ ఉన్నందుకు తీసేయడానికి వెనకాడే కంపెనీ కూడా, దాచినందుకు తీసేయడానికి వెనకాడదు.

ప్రైవేటు కంపెనీ "నీకు షుగర్ ఉంది కాబట్టి వద్దు" అంటే నిలదీయడానికి, టైప్ వన్ పేరు పెట్టి రక్షణ ఇచ్చే చట్టం ఇవాళ లేదు. వాళ్లు ఆ మాట నోటితో అనరు కూడా. "పొజిషన్ హోల్డ్‌లో పెట్టాం" అంటారు. నా స్నేహితురాలికి ఒకచోట అట్లాగే అయింది. అందుకే ఆఫర్ చేతికి రాకముందే గొంతు విప్పడం వల్ల ఒరిగేదేమీ లేదంటాను.

ఇంటర్వ్యూ రోజు

నేను మొదటి ఇంటర్వ్యూ పోగొట్టుకున్నది నా తెలివితక్కువతోనే. హన్మకొండలో అయిదు గంటల బస్సెక్కి ఎనిమిదిన్నరకల్లా ఉప్పల్‌లో దిగాను. పదకొండుకు స్లాటు. తీరిగ్గా టిఫిన్ చేద్దామని ఇడ్లీ చెప్పి, ప్లేటు రాకముందే చున్నీ చాటున ఆరు యూనిట్లు వేసుకున్నాను. సరిగ్గా అప్పుడే ఫోన్: "మేడమ్, మీ బ్యాచ్ పదింటికే మొదలవుతోంది." ఒక ఇడ్లీ నోట్లో కుక్కుకుని మెట్రో ఎక్కాను. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా నిలబడే ప్రయాణం. గ్రూప్ డిస్కషన్‌లో కూర్చున్నాక చేతులు వణకడం మొదలైంది, వీపంతా చెమట. భయమనుకున్నాను. మాట్లాడుతున్న అంశం ఏమిటో మధ్యలో మర్చిపోయాను. ఎదురుగా ఉన్నాయన నవ్వుతూ, "నర్వస్‌గా ఉన్నారా?" అంటే, "అవును సార్" అన్నాను. బయటికొచ్చి కారిడార్‌లో వేలు గుచ్చుకుంటే షుగర్ 52, బాగా పడిపోయింది.

భయానికీ, షుగర్ పడిపోవడానికీ ఒంట్లో విడుదలయ్యేది ఒకటే, అడ్రినలిన్. వణుకు, చెమట, గుండెదడ రెంటికీ ఒకేలా ఉంటాయి. మనకు మనమే తేల్చుకోలేం, మీటర్ ఒక్కటే తేలుస్తుంది. అప్పటినుంచి నేను పాటించేవి చెబుతాను. మీ డాక్టరుతో ఒకసారి మాట్లాడి మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోండి.

బయట తినేటప్పుడు ప్లేటు ఎదురుగా వచ్చి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా త్వరగా పనిచేసే ఇన్సులిన్ వేసుకోవద్దు. రెగ్యులర్ రకం వాడేవాళ్లకు అరగంట ముందే వేసుకోవాలి కాబట్టి కష్టం. ఆ రోజుకు టిఫిన్ ఇంటి నుంచే డబ్బాలో తెచ్చుకుంటే తిండి ఆలస్యం కాదు. అమ్మ కట్టిన రెండు జొన్న రొట్టెలు ఉప్పల్ బస్టాప్‌లో కూర్చుని తినడానికి సిగ్గెందుకు? వాటి లెక్క మీకు బాగా తెలుసు. కొత్త హోటల్లో ఆ చట్నీలో ఎంత చక్కెర వేశాడో ఎవరికి తెలుసు?

లోపలికి పిలిచే ఇరవై నిమిషాల ముందు వాష్‌రూమ్‌లో వేలు గుచ్చుకోండి. ఒంటికి అంటించుకుని షుగర్ చూసే సెన్సర్ పెట్టుకున్నవాళ్లయితే అంకెతో పాటు బాణం గుర్తు ఎటు చూపిస్తోందో చూడండి. 70 కన్నా తక్కువుంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. చాక్లెట్, క్రీమ్ బిస్కెట్ ఈ పనికి రావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. డైట్ కూల్‌డ్రింకులు అసలే పనికి రావు. 100కు అటూ ఇటూ ఉండి ఇంకా గంటన్నర లోపల కూర్చోవాల్సి ఉంటే నేను రెండు పార్లే-జీ తింటాను. ఇక 230 చూపిస్తే? ఏమీ తినకపోయినా టెన్షన్‌కు కాలేయం చక్కెర వదులుతుంది, అంకె ఎగబాకుతుంది. ఆత్రంగా పెద్ద డోసు వేసి దిద్దబోవద్దు. త్వరగా పనిచేసే ఇన్సులిన్ కూడా మూడు నాలుగు గంటలు ఒంట్లో ఉంటుంది, టెన్షన్ దిగగానే అది మిమ్మల్ని కింద పడేస్తుంది. నీళ్లు తాగి లోపలికి పొండి.

నిజంగానే లోపల ఉండగా షుగర్ పడిపోతే ఏం చేయాలి? "సారీ సార్, ఒక్క రెండు నిమిషాలు, నేను నీళ్లు తాగాలి" అని బ్యాగులోంచి జ్యూస్ ప్యాకెట్ తీసి తాగేయండి. ఎవరూ తప్పు పట్టరు. కారణం చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేదు. మూడేళ్ల తర్వాత నేనే ఇంటర్వ్యూలు తీసుకునే వైపు కూర్చున్నప్పుడు గమనించాను: జ్యూస్ తాగిన అభ్యర్థి ఎవరికీ గుర్తుండడు, పొంతన లేకుండా మాట్లాడినవాడు గుర్తుంటాడు.

వాక్-ఇన్ డ్రైవ్‌లు వేరే రకం పరీక్ష. పది గంటలకు రమ్మని మూడింటిదాకా వరుసలో నిలబెడతారు. రెండు పూటల తిండి, రెండు ప్యాకెట్ల గ్లూకోజ్ లేకుండా వాటికి పోవద్దు. మే నెలలో అయితే ఇన్సులిన్ సంగతి కూడా చూసుకోవాలి. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు నెల రోజులు బాగానే ఉంటుంది, కానీ మన దగ్గర ఎండలు 43, 44 దాకా పోతాయి. బండి డిక్కీలో, బస్సు కింది లగేజీ పెట్టెలో పెట్టిన ఇన్సులిన్ నీళ్లతో సమానం. తడి గుడ్డ చుట్టిన చిన్న స్టీలు గ్లాసులో పెట్టి బ్యాగు మధ్యలో పెట్టుకోండి, లేదంటే కూలింగ్ పౌచ్ కొనుక్కోండి. ఐసు గడ్డకు ఆనించి మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ కూడా పనికి రాదు. ఫ్రిజ్ లేని గదిలో ఉంటున్నవాళ్లకు మన రంజనే (మట్టి కుండే) దిక్కు: డబ్బాలో పెట్టి మూత బిగించి, నీళ్లున్న రంజన్‌లో మునగకుండా వేలాడదీయండి.

సర్కారు కొలువుల రాత పరీక్షలకు సెంటర్ హసన్‌పర్తి అవతలో, బొల్లికుంట దగ్గరో పడుతుంది. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి చేతి గడియారం కూడా తీసేయిస్తాడు. అతని చేతిలో మీ పెన్నూ గ్లూకోజూ చూపించి వాదించొద్దు, నిర్ణయం అతనిది కాదు. జేఈఈ మెయిన్ లాంటి పరీక్షల్లో షుగర్ ఉన్నవాళ్లు షుగర్ మాత్రలు, అరటి, ఆపిల్ లాంటి పండ్లు, పారదర్శకమైన నీళ్ల సీసా తీసుకుపోవచ్చని వాటిని నిర్వహించే ఎన్‌టీఏ రాతపూర్వకంగానే చెప్పింది. మీరు రాసే పరీక్ష హాల్‌టికెట్ వెనక అలాంటి వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే వారం ముందే బోర్డుకు డాక్టర్ లెటర్ జతచేసి మెయిల్ పెట్టి, దాని ప్రింటుతో గంట ముందు వెళ్లి చీఫ్ సూపరింటెండెంట్‌ను కలవండి.

ఆఫర్ వచ్చాక మెడికల్

కంపెనీ పంపిన డయాగ్నస్టిక్ సెంటర్లో పరగడుపు రక్తం తీస్తారు, మళ్లీ తిన్నాక తీస్తారు. "ఏమీ తినకుండా రండి" అన్నారు గదా అని రాత్రి వేసుకునే లాంగ్ యాక్టింగ్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే) ఇన్సులిన్ మానేసేవాళ్లు ఉన్నారు. అది తిండికి సంబంధించింది కాదు, మానొద్దు. ఏడు గంటల మొదటి స్లాటు అడగండి. వరుసలో ఉండగా షుగర్ పడిపోతే పరగడుపు సంగతి వదిలేసి గ్లూకోజ్ తాగండి. పరీక్ష రేపైనా చేస్తారు.

రిపోర్టులో 210 అని ఎర్ర అంకె కనిపించకముందే దాని పక్కన పెట్టాల్సిన కాగితం తయారుగా ఉండాలి. మీ డాక్టరు దగ్గర ఇట్లా రాయించుకోండి: ఎప్పటినుంచి టైప్ వన్ ఉంది, ఏ ఇన్సులిన్ వాడుతున్నారు, చివరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ఎంత, కళ్లు, కిడ్నీలు చూసిన తేదీ, ఫలితం, గత ఏడాదిలో షుగర్ పడిపోయి ఆస్పత్రిలో చేరిన సందర్భం లేకపోతే ఆ మాట, చివరగా "ఈ ఉద్యోగం చేయడానికి ఫిట్" అనే వాక్యం. ఒక పేజీ దాటొద్దు. నాకు ఇప్పటి ఉద్యోగం ఆఫర్ వచ్చాక మెడికల్ అయిపోయి రెండు వారాలు హెచ్‌ఆర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. చివరికి నేనే ఈ లెటర్ జతచేసి రెండు వాక్యాల మెయిల్ పెట్టాను: నాకు ఇది ఉంది, పనికి అడ్డు కాదు, ఇంకేమైనా కావాలంటే మీ డాక్టరుతో మాట్లాడటానికి సిద్ధం. మర్నాడే చేరే తేదీ వచ్చింది. వాళ్ల ఫైల్లో ఖాళీగా ఉన్న గడిని నింపే కాగితం కోసమే అన్నాళ్లు ఆగిందని తర్వాత తెలిసింది.

జీతం పక్కన అడగాల్సిన ప్రశ్నలు

నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తుంది. మీ జీతంలోంచి 0.75 శాతం, అంటే ఇరవై వేలకు నూటయాభై రూపాయలు కోస్తారు. చేరిన మొదటి రోజు నుంచే వైద్యం మీకూ, మీ మీద ఆధారపడిన ఇంట్లో వాళ్లకూ వర్తిస్తుంది. డిస్పెన్సరీకి వెళ్లి మీరు వాడే రకం ఇన్సులిన్ ఇస్తారా, ఏది ఇస్తారు అని ముందే అడగండి. ఈఎస్ఐ ఉన్న ఇరవై వేలకూ, ఏమీ లేని ఇరవైమూడు వేలకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, ఫ్రిజ్ ముందు రాసుకున్న కాగితం ఒకసారి తీసి చూడండి.

పెద్ద కంపెనీల్లో గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటుంది. "ముందునుంచి ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉందా?" అని అడగండి. చాలా గ్రూప్ పాలసీల్లో ఉంటుంది. మనం సొంతంగా కొనబోతే కంపెనీలు టైప్ వన్ అనగానే వెనకాడతాయి, ఇచ్చినా ముందునుంచి ఉన్న జబ్బులకు ఆగాల్సిన కాలం ఉంటుంది. 2024 నుంచి అది 36 నెలలకు మించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. అందుకే మొదటి ఉద్యోగంలో గ్రూప్ పాలసీ మనకు జీతంలో భాగమే. కాకపోతే అది ఆస్పత్రిలో చేరితే పనికొచ్చేది. నెలనెలా కొనే ఇన్సులిన్, స్ట్రిప్స్ మామూలుగా దానిలో రావు.

నైట్ షిఫ్టా అని కూడా అడగండి. చేయలేమని కాదు. లాంగ్ యాక్టింగ్ సూదికి రెండు రకాల రోజుల్లోనూ మీరు మెలకువగా ఉండే గంట ఒకటి వెతకాలి, దానికి డాక్టరుతో ఒక సిట్టింగ్ కావాలి. తెల్లవారుజామున క్యాబ్ ఎక్కేముందు వేలు గుచ్చుకోవాలి, ఎందుకంటే వెనక సీట్లో కళ్లు మూసుకున్న మనిషి నిద్రపోయిందో, షుగర్ పడిపోయిందో డ్రైవర్ అన్నకు తెలియదు. సొంత బండి మీద మడికొండకు పోయేవాళ్లకూ అంతే: 70 కింద ఉంటే తాళంచెవి తిప్పొద్దు. గ్లూకోజ్ తాగి, 90 దాటి, ముప్పావుగంట ఆగాక బయల్దేరండి. ఆలస్యమైతే ఆలస్యమైంది.

చేరిన మొదటి వారం

హెచ్‌ఆర్‌కు కాగితం మీద తెలిసింది చాలు. నిజంగా తెలియాల్సింది పక్క కుర్చీలో కూర్చునే మనిషికి. మేనేజర్ మీటింగుల్లో ఉంటాడు, అమ్మ ఫోన్లో ఉంటుంది. మీ ముఖం చూసేది పక్క కుర్చీ. రెండో రోజో మూడో రోజో టీ తాగుతూ చెప్పేయండి. నేను చెప్పింది దాదాపు ఇదే: "నాకు చిన్నప్పటినుంచి టైప్ వన్ షుగర్. తిండికి ముందు సూది వేసుకుంట, చూసి బెదరకు. ఎప్పుడైనా ఉన్నట్టుండి చెమటలు పట్టి, అడిగిందానికి పొంతన లేని జవాబు చెబితే, ఈ డ్రాయర్‌ల గ్లూకోజ్ ఉంది, నీళ్లల్ల కలిపి తాగియ్యి. షుగర్ పేషెంట్‌కు తీపి ఇయ్యద్దని ఎవరన్న అంటే వినకు. స్పృహ లేకపోతే నోట్లె ఏం పొయ్యకు, సూదీ వెయ్యకు, 108కి కొట్టు." అంతే. ఆ అమ్మాయిది పరకాల. "మా పెద్దనాయిన ఉన్నడు గట్లనే" అంది. వాళ్ల పెద్దనాయనది టైప్ టూ, మాత్రల షుగర్. తేడా చెప్పడానికి ఇంకో టీ పట్టింది.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె నా కుర్చీ తనవైపు తిప్పి, "అక్కా, ఒకటే మెయిల్ మూడుసార్లు పంపినవ్" అంది. నాకేమీ అర్థం కావట్లేదు. డ్రాయర్ తీసింది. గ్లూకోజ్ డబ్బా ఖాళీ. అంతకుముందు వారం నేనే తాగి, కొత్తది పెట్టడం మర్చిపోయాను. పరుగెత్తి కింద టీ కొట్టు నుంచి గ్లాసులో చక్కెర పోయించుకొచ్చింది. డబ్బా ఎప్పుడు వాడితే అప్పుడే, ఆ సాయంత్రం ఇంటికి పోయేలోపే, కొత్తది కొని డ్రాయర్లో పెట్టండి.